మరులుతీగ పరిమళం

మణికుల్యా రాజ్యానికి పడమటి అంచున, నల్లరాతి గుట్ట నెత్తిన ధూమదుర్గం ఉంది. ఏడు బురుజులు, బురుజుకొక రాగి పొగగొట్టం. పొద్దు పొడిచింది మొదలు ఆ గొట్టాల నుంచి ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా, మరొకటి పండిన మేడిపండు రంగులో పొగలు లేచి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని, ఆకాశంలో పట్టుచీరలు ఆరవేసినట్లు వేలాడేవి. చూసేవాళ్లకు కన్నులపండువే. అయితే ఆ పొగల కింద పిట్ట ఎగిరేది కాదు. గుట్ట చుట్టూ ఆమడ దూరంలో తేనెటీగ అన్నది లేదు.

ఆ కోట ద్వారం ముందు, ఉదయపు ఎండలో, భుజాన మందుల పెట్టెతో ఒక వైద్యుడు నిలబడి ఉన్నాడు. తలపాగా, పొడుగాటి గడ్డం, నుదుట గంధపు బొట్టు. వ్యాఘ్రపురి నుంచి వచ్చిన తైలవైద్యుడు సోమిదేవుణ్ణని కావలివాళ్లకు చెప్పుకున్నాడు. గడ్డం మాత్రం మేకబొచ్చుది, గుగ్గిలం బంకతో అతికించినది. తలపాగా కింద బారెడు జడ చుట్టి ఉంది. ఆ వైద్యుడి అసలు పేరు చెంగలువ.

ఆమెను ఆ పేరుతో ఎవరైనా పిలిచి నాలుగేళ్లయింది.

వట్టివేళ్లకోనలో అరవై గడపలుండేవి. అందరూ పూలూ వేళ్లూ చెక్కలూ రాగి బానల్లో ఉడికించి, ఆవిరిని చల్లార్చి పరిమళ తైలాలు తీసేవాళ్లే. ఒక వేసవి చివర చెంగలువ గంధపు చెక్క కోసం అడవికి వెళ్లి, మూడోనాడు తిరిగి వచ్చేసరికి కోనలో మనిషి లేడు. పొయ్యిల మీద బానలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మాంత్రికుడు ధూమపాదుడు ఊరంతటినీ మత్తుపొగలో ముంచి తన దుర్గానికి తోలుకుపోయాడని తర్వాత ఒక బాటసారి చెప్పాడు. తల్లీతండ్రీ పోయాక తనను పెంచిన ఒక్కగానొక్క అన్న మారేడు కూడా వాళ్లలో ఉన్నాడు.

నాలుగేళ్లు ఆమె ఆ కోనలో ఒక్కతే బతికింది. అరవై ఇళ్ల వాకిళ్లూ తానే ఊడ్చేది, సందెవేళ అరవై గూళ్లలో తానే దీపం పెట్టేది. మాట్లాడాలనిపించినప్పుడు అన్న బాన ముందు కూర్చుని, ఆ రోజు ఏ పువ్వు విరగబూసిందో, ఏ తైలం ఎలా దిగిందో చెప్పుకునేది. మధ్యలో ఆగి, జవాబు కోసం కాసేపు చూసేది కూడా.

వారం క్రితం దండోరా వినిపించింది. గర్భిణి అయిన మహారాణి కువలయాదేవికి ధూమదుర్గంలో నిద్రాహారాలు లేవనీ, ఆమెకు నిద్ర పట్టించగల వైద్యుడు రావాలనీ దాని సారాంశం. మహారాజు ఉత్తరపు సరిహద్దులో యుద్ధంలో ఉన్నాడు. రాణి ఆరోగ్యం బాగుచేస్తానని ధూమపాదుడే ఆమెను కోటకు తీసుకుపోయాడు. ఇప్పుడు మంత్రులు నిలదీయటంతో దండోరా వేయించక తప్పలేదు. చెంగలువ ఆ పూటే గడ్డం కట్టుకుంది.

*

కొలువుకూటం వెయ్యి స్తంభాల అడవిలా ఉంది. చివరన, గంధపు సింహాసనం మీద ధూమపాదుడు కూర్చున్నాడు. పాదాల కింద ఎప్పుడూ జానెడు ఎత్తున పొగ తేలుతూ ఉంటుంది. అతని కాలు నేలను తాకగా చూసినవాళ్లు లేరు. పక్కనే దున్నపోతంత పునుగుపిల్లి పడుకుని ఉంది. మామూలు పునుగును మంత్రంతో అంత చేశాడట. కళ్లు మూసే ఉన్నాయి గానీ ముక్కు మాత్రం ఒక్క క్షణం నిలకడగా లేదు.

"ఈ గిన్నెలో ఏముందో చెప్పు, వైద్యుడా!"

చెంగలువ గిన్నెను ముక్కు దగ్గరకు తీసుకోలేదు. మూరెడు దూరంలో పట్టుకుని, రెండో చేత్తో గాలిని తన వైపు విసురుకుంది.

"కర్పూర తైలం. మంట ఎక్కువపెట్టి దించారు. అడుగున మాడు వాసన ఉంది."

"భేష్! అయితే తాగు."

"తాగను."

పునుగుపిల్లి ఒక కన్ను తెరిచింది.

"బండెడు చెక్క ఉడికిస్తే ఒక గరిటెడు దిగుతుంది, స్వామీ!" అంది చెంగలువ గొంతు బొంగురు చేసుకుని. "అంత బండెడూ ఒక్క గుక్కలో దిగితే పేగులు ఊరుకుంటాయా? పరిమళ తైలం వాసనకు పనికొస్తుంది. నూనెలో బాగా పలచన చేస్తే ఒంటికి పనికొస్తుంది. కడుపులోకి పోతే విషం. తమరు తాగి చూపిస్తే నేనూ తాగుతాను."

ధూమపాదుడు విరగబడి నవ్వాడు. స్తంభాలన్నీ తిరిగి నవ్వాయి.

"నాలుక పదునే! పొద్దు వాలేదాకా నీకు గడువు. ఈలోగా రాణి నిద్రపోయిందా సరేసరి. లేకపోతే నిన్నే బానలో వేసి ఆవిరి పట్టిస్తాను. వైద్యుడి అత్తరు ఎలా ఉంటుందో ఇంతవరకూ నేను చూడలేదు."

*

రాణివాసం అద్దాల మేడ. గోడల నిండా నెమళ్లు, కెంపుల కళ్ల హంసలు, దంతపు తీగలు. కానీ తలుపు తీయగానే చెంగలువకు ఊపిరాడలేదు. కిటికీలన్నిటికీ మైనపుగుడ్డలు బిగించారు. నాలుగు మూలలా నాలుగు ధూపపాత్రలు రేయింబవళ్లు కాలుతున్నాయి. దంతపు మంచం మీద, ఏడో నెల కడుపుతో, రాణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ముంజేతుల నిండా బొబ్బలు. మెడ ఒక పక్క నల్లగా కమిలింది.

"ఏం రాశారమ్మా ఈ చేతులకు?" అని చెంగలువ ముసలి దాసి రేచికను అడిగింది.

"లవంగ తైలం, వైద్యులుగారూ. నిద్రపడుతుందని స్వామివారు పంపించారు."

"ఎందులో కలిపి రాశారు?"

"కలపటమేమిటండీ? ఉన్నది ఉన్నట్టే."

"మరి మెడకు?"

"నిమ్మతొక్క తైలం. అది రాసి రోజూ మిట్టమధ్యాహ్నం మేడమీద ఎండలో కూర్చోబెట్టమన్నారు."

చెంగలువ పళ్లు బిగించింది. నిమ్మతొక్క తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలిపోతుందని కోనలో ముక్కుపచ్చలారని పిల్లలకు కూడా తెలుసు. ధూమపాదుడికి తెలియకపోవటం కల్ల. ఆమె మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా అడిగింది: "మహారాణీ, తమకు ఎక్కడ నొప్పిగా ఉంది?"

రాణి చాలాసేపటికి ఇటు తిరిగింది. "తల," అంది. "తలలో ఎవరో డప్పు కొడుతున్నారు."

చెంగలువ లేచి నాలుగు ధూపపాత్రలూ ఆర్పి నడవలో పెట్టించింది. మైనపుగుడ్డలు చరచరా చింపింది. రేచిక లబోదిబోమంటూ ఉండగానే, గుట్ట అవతలి నది మీది గాలి గదిలోకి దూసుకొచ్చి తెరలన్నిటినీ తలకిందులు చేసింది. చెంగలువ మామూలు నువ్వులనూనెలో మెత్తని గుడ్డ ముంచి, చేతుల మీద మిగిలిన తైలాన్ని బొబ్బలు చిదక్కుండా ఒత్తి తీసింది. ఆ తర్వాతే చల్లని నీళ్లతో కడిగింది. మందుల పెట్టెలో ఇరవై రెండు సీసాలున్నాయి. ఒక్క సీసా బిరడా కూడా తీయలేదు.

"మందేదీ?" అని రేచిక అడిగింది.

"గాలే మందు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఏ తైలం చేటు చేస్తుందో చెప్పలేం. మా కోనలో చూలాలిని బానల దగ్గరికే రానివ్వరు." చెంగలువ పెట్టెలోంచి ఒక పచ్చి నిమ్మకాయ తీసి రాణి చేతికిచ్చింది. "వికారంగా అనిపిస్తే దీన్ని గోటితో గిల్లి, కాస్త ఎడంగా పట్టుకుని వాసన చూడండి. అంతకు మించి వద్దు."

రాణి నిమ్మకాయను గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయింది. రేచిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ నలభై రోజుల తర్వాత చూసిన నిద్ర అది.

ఎండ పడమటి గోడ ఎక్కేవేళకు రాణి కళ్లు తెరిచింది. కళ్లు తేటగా ఉన్నాయి. రేచికను గంజి తెమ్మని పంపించి, వైద్యుడి వంక కాసేపు చూసి, "అమ్మాయీ, నీ గడ్డం ఎడమ పక్క ఊడింది," అంది.

చెంగలువ చెయ్యి చెంపకు వెళ్లింది.

"భయపడకు. నాలుగు నెలలుగా అందరూ నా మంచం పక్కన నిలబడి నా గురించి మాట్లాడుకునేవాళ్లే. నొప్పి ఎక్కడ అని నన్ను అడిగినదానివి నువ్వొక్కతెవే. ఎవరి కోసం వచ్చావు?"

"మా అన్న కోసం. మా ఊరి కోసం."

తన గోడు ఇంకొక మనిషి వినటం అంటే ఎలా ఉంటుందో చెంగలువ మరిచిపోయింది.

రాణి తన బొటనవేలు చూపించింది. గోటి సందున ఎర్రటి లక్క. "మత్తులో ఉంచి నా చేత రాజముద్రలు వేయించుకుంటున్నాడు. ఏ పత్రం మీద వేశానో నాకే తెలియదు. ఈ మోసం ఇవాళే తెలిసింది, తల తేలికయ్యాక." ఆమె స్నానాల గదివైపు చూసింది. "అక్కడ నేల కింద రోజంతా నీళ్ల చప్పుడు. బానల ఆవిరి చల్లార్చే కాలువట. మూలన ఉన్న పలకరాయి కదులుతుంది, దాని కింద మెట్లున్నాయి. సందెవేళకు ధూమపాదుడు వస్తాడు. నేను మత్తులో ఉన్నట్లే పడుకుంటాను. నువ్వు వెళ్లు."

"తమరిని ఒంటరిగా వదిలి..."

"అలవాటైంది," అంది రాణి.

*

రాతిమెట్లు నలభై దిగాక వేడి మొహానికి కొట్టింది. చెంగలువ తలపాగా చింపి, నీళ్లలో తడిపి, మడతల్లో పెట్టెలోని బొగ్గుపొడి పోసి ముక్కుకూ నోటికీ గట్టిగా కట్టుకుంది. జడ వీపు మీద పడింది. గడ్డం ఊడదీసి పారేసింది.

ఎదురుగా పాతాళంలాంటి గుహ. వంద రాగి బానలు వంద అగ్నిగుండాల మీద కుతకుతలాడుతున్నాయి. వాటి మెడల నుంచి వెదురు గొట్టాలు పాముల్లా సాగి కాలువలోకి దిగుతున్నాయి. ఒక్కొక్క బాన దగ్గరా ఒక్కొక్క మనిషి, మాట లేకుండా, పక్కమనిషిని చూడకుండా, పువ్వు వేస్తూ మంట ఎగదోస్తూ. ఆ పువ్వును చెంగలువ గుర్తుపట్టింది. మరులుతీగ. అడవిలో ఆ తీగను దాటినవాళ్లు దారి మరిచి తిరుగుతారు. దాని తైలపు ఆవిరిని నాలుగేళ్లుగా వీళ్లు పీలుస్తున్నారు.

కుమ్మరి ఇంటి పెద్దమ్మ ఎదురుపడింది. చెంగలువను దాటుకుని, గోడను దాటుకున్నట్లు వెళ్లిపోయింది. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన బాబాయి ఆమె పిలుపుకు తల కూడా ఎత్తలేదు. ఖాళీ ఊరిలో నాలుగేళ్లు ఉన్నప్పుడు కూడా ఆమె అంత ఒంటరిగా లేదు.

గుహ కప్పుకు గాలి కవాటాలున్నాయి, అన్నీ మూసి. చెంగలువ గోడకున్న చక్రాన్ని బలంకొద్దీ తిప్పింది. కవాటాలు కిర్రుమని తెరుచుకున్నాయి. సాయంత్రపు వెలుతురు నిట్టనిలువుగా దిగింది. ఆవిరి సుడి తిరుగుతూ పైకి లేచింది. ఒకరిద్దరు దగ్గారు. ఒకడు చేతిలోని పూలబుట్ట కింద పెట్టి, అది ఎందుకు పట్టుకున్నానా అన్నట్లు చూశాడు.

చివరి బాన దగ్గర మారేడు. చిక్కి సగమయ్యాడు. జుట్టు తెల్లబడింది.

"అన్నా!"

పలకలేదు. ఆమె ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి ఎదురుగా నిలబడింది. "మారేడన్నా! నేను. చెంగలువను."

"పువ్వు తెచ్చావా?" అన్నాడతను.

ఆమె పెట్టె తెరిచి వట్టివేళ్ల తైలం సీసా తీసింది. తండ్రి దించినది. సీసా మొత్తం అతని తలమీద గుమ్మరించాలని చేతులు కొట్టుకున్నాయి. కానీ వాసన మితిమీరితే ముక్కు మొద్దుబారుతుందనీ, అప్పుడు ఉన్న తెలివీ పోతుందనీ ఆ తండ్రే నేర్పాడు. ఒక్కటంటే ఒక్క చుక్క గుడ్డపేలిక మీద వేసి, అతని ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది. లోపల పది లెక్కపెట్టి తీసేసింది. కాసేపాగి మళ్లీ పట్టుకుంది.

మారేడు చేతిలో గరిటె ఆగిపోయింది.

"తడికలు," అన్నాడు. "వేసవిలో అమ్మ గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టేది. మేం నీళ్లు చల్లేవాళ్లం." కళ్ల వెంట ధారగా నీళ్లు. "చల్లటి గాలి వచ్చేది. నాకో చెల్లెలుండేది. చెంబు మొయ్యలేక సగం నీళ్లు తనమీదే పోసుకునేది. ఏడేళ్ల పిల్ల. అమ్మా, నువ్వెక్కడైనా చూశావా దాన్ని?"

"నేనే అన్నా. పెద్దదాన్నయ్యాను. చూడు."

అతను మర్యాదగా, జాలిగా చూశాడు. "కాదమ్మా. మా చెల్లి చిన్నపిల్ల."

అప్పుడు పైనుంచి గర్జన వినిపించింది.

రాణి గదిలో అడుగుపెడుతూనే ధూమపాదుడు తన ధూపానికి బదులు నది గాలిని పీల్చాడు. ఆ తర్వాత అతనికి ఏమీ చెప్పనక్కరలేకపోయింది. పునుగుపిల్లిని మెట్ల దారిలోకి ఉసిగొల్పాడు. అది వట్టివేళ్ల వాసన పట్టుకుని, నాలుగేసి మెట్లు దూకుతూ, గుహలోకి ఉరికింది. బానలు దొర్లాయి. నిప్పులు చెల్లాచెదురయ్యాయి. నిప్పు పక్కన తైలముంటే ఏమవుతుందో ఎరిగిన చెంగలువ ముందు మారేడు బాన కింది మంట మీద కాలువనీళ్లు కుమ్మరించింది. ఆ తర్వాతే అరలో ఉన్న లవంగ తైలపు జాడీని రెండు చేతులా ఎత్తింది. మృగం పది బారల దూరంలో ఉంది. అయిదు. మూడు. జాడీని దాని కాళ్ల ముందు రాతినేలకేసి కొట్టింది.

వాసనే కళ్లుగా బతికే జంతువు అది. ముక్కులో మంట పుట్టి, కొండ పగిలినట్లు అరిచి, వెనక్కి దొర్లి, ఒక స్తంభాన్ని గుద్దుకుని, ఎటు పోవాలో తెలియక తన చుట్టూ తాను తిరగసాగింది. అయితే జాడీ చిట్లినప్పుడు గరిటెడు తైలం చెంగలువ ముంజేతి మీదా పడింది. చర్మం భగ్గుమంది. ఆమె చెయ్యి నీళ్లలో పెట్టబోయింది.

"ఆగు!" మారేడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పక్కనే ఉన్న నూనెకుండలో గుడ్డ ముంచి, గబగబా, ఒక పక్క నుంచి మరో పక్కకు తుడిచాడు. "తైలం నీళ్లకు పోతుందా? ముందు నూనెతో తీసి, అప్పుడు కడగాలని మీవాళ్లెవరూ చెప్పలేదా?"

"మా అన్న చెప్పాడు," అంది చెంగలువ. "కంగారులో మరిచాను."

"మంచివాడు మీ అన్న," అన్నాడతను, గుడ్డ మడుస్తూ.

ఏడవటానికి వ్యవధి లేదు. మెట్ల మీద జానెడు ఎత్తున పొగ పాక్కుంటూ దిగుతోంది. దాని మీద రెండు పాదాలు. చెంగలువ అన్నను కాలువగట్టుకు ఈడ్చింది. పూలు మోసుకొచ్చే కొయ్యతొట్టె అక్కడ తాడుకు కట్టి ఉంది. అతన్ని అందులోకి తోసి, తానూ దూకి, నడుమున దోపుకున్న వేళ్లు తరిగే కత్తితో తాడు తెగగొట్టి, కత్తిని మళ్లీ దోపుకుంది. ప్రవాహం తొట్టెను విసురుగా లాక్కుంది. గోడలు వెనక్కి పరుగెత్తాయి. ముందు నూరు బారల దూరంలో తూము, దాని అవతల నది, నది మీద ఎర్రటి సూర్యుడు. తూము మీద ఇనుపగొలుసులతో వేలాడే తలుపు మెల్లమెల్లగా కిందికి దిగుతోంది.

"వంగు అన్నా! తల వంచు!"

మారేడు వంగలేదు. వెనక్కి, పొగ నిండిన గుహవైపు చూస్తున్నాడు. కవాటాల గాలి తగిలాక అతని ముఖంలో ఏదో కదులుతోంది.

"మా చెల్లి లోపలే ఉంది," అన్నాడు. "మమ్మల్నందరినీ తోలుకొచ్చారు కదా. అది కూడా వచ్చే ఉంటుంది. ఇన్నాళ్లూ నేను వెతకనే లేదు."

"నేనిక్కడే ఉన్నానన్నా! నీ పక్కనే ఉన్నాను!"

నీటి హోరులో ఆ మాట అతనికి వినిపించిందో లేదో. విన్నా నమ్మలేదు. "నువ్వు పో తల్లీ, నీవాళ్లు ఎదురుచూస్తుంటారు. ఏడేళ్ల పిల్లను పొగలో వదిలేసి నేనెలా వస్తాను?" అని ఆమె చెయ్యి విడిపించుకుని, గట్టు మీదికి ఒక్క దూకు దూకాడు. పడ్డాడు. లేచాడు. కుంటుకుంటూ గుహవైపు పరుగెత్తాడు.

తూము తలుపు తలమీదికి వచ్చేసింది. చెంగలువ తొట్టెలోంచి పైకెగిరి గొలుసును అందుకుంది. కాళ్ల కింద నుంచి తొట్టె జారిపోయి, తలుపు సందున నలిగి, పెళపెళమని ముక్కలై నదిలోకి కొట్టుకుపోయింది. తలుపు దబ్బున రాతికి తగిలింది. కాలువలో నీరు వెనక్కి తన్ని ఆమె నడుము దాకా లేచింది. కాలిన చేతి మీద గొలుసు కోసుకుపోతోంది.

గుహలోంచి మారేడు కేక గోడలకు తగులుతూ వచ్చింది. "చెల్లీ! ఎక్కడున్నావే? నేను వచ్చాను!"

"ఇక్కడ!" అని అరిచింది చెంగలువ. "ఇక్కడున్నానన్నా!"

ఆ కేక దూరమవుతూ, ప్రతి బాన దగ్గరా ఆగి ఆగి వెతుకుతూ, గుహ లోపలికి పోయింది. చెంగలువ దవడలు బిగించి, ఒక కడియం తర్వాత ఒక కడియం పట్టుకుంటూ గొలుసు ఎక్కసాగింది. నాలుగు కడియాలు ఎక్కిందో లేదో, గొలుసు దానంతటది కదిలింది. పైన, చీకటి గవాక్షంలో, ఎవరో చక్రం తిప్పుతున్నారు. ఆమెను మెల్లగా, జానెడు జానెడుగా, తమవైపు లాగుకుంటున్నారు.

కింద సుడిగుండం. పైన ఎవరో తెలియదు. చెంగలువ నడుము నుంచి కత్తి తీసి, పళ్ల మధ్య కరిచి పట్టుకుని, రెండు చేతులతో గొలుసును బిగించింది.